మూలకు పోసిన జొన్నలు

పోయిన నెలలో శిల్ప పిల్లలు ముగ్గురికీ ఒకేసారి జ్వరాలు వచ్చి తగ్గాయి. సాయానికి వచ్చిన ఆడబిడ్డ మహానంద మూడు రోజులుండి న్యాల్‌కల్ దగ్గరి తన ఊరికి వెళ్లిపోయింది. ఆమె వెళ్లిన మర్నాడే అత్త శరణమ్మ అటక మీది పాతబట్టల మూట దింపి, "చలి మొదలైతున్నది. చిన్నదానికి ఒక బొంత కుడుదాం" అన్నది. అప్పటినుంచి పద్దెనిమిది రోజులుగా అత్తాకోడళ్లు ఆ బొంత మీదే ఉన్నారు. మొన్న ఆదివారం మహానంద మళ్లీ వచ్చింది. పెద్దపిల్ల సహస్రకు గానీ, నడిపివాడు రితేష్‌కు గానీ ఏమీ తేలేదు. పది నెలల చిట్టికి మాత్రం మూడు జతల బట్టలు, ఒక ఉన్ని టోపీ తెచ్చి పెట్టి పోయింది. ఎందుకని శిల్పకు అనిపించింది. అడగడానికి ఓపిక లేకపోయింది.

రెండో శనివారం. సహస్రకు బడి లేదు. బడి లేదంటే ఇంట్లో ఒక పూట ఎక్కువ తిండి, నాలుగు కొట్లాటలు ఎక్కువ. పొద్దున ఐదింటికి లేచి భర్త బస్వరాజ్‌కు డబ్బా కట్టి ట్రాక్టర్ల కంపెనీ బస్సుకు పంపినప్పటినుంచి శిల్ప కూర్చోలేదు. రెండుసార్లు పెట్టుకున్న చాయ్ రెండుసార్లూ చల్లారింది. బుధవారం దువ్వుకున్న జడ అట్లే ఉంది. పన్నెండింటికి చిట్టి నిద్రపోతే, ఇక తనూ పక్కన ఒరగొచ్చు అనుకుంది. అంతలోనే ముందు గదిలోంచి అత్త గొంతు వినపడింది.

"శిల్పా, రావే. ఇయ్యాల అయిపోతది. ఇగ రెండు వరసలే."

బొంత నేల మీద పరిచి ఉంది. మూడున్నర మూరల పొడుగు, రెండున్నర మూరల వెడల్పు. పైన ముక్కలు అతికిన పొర, కింద మెత్తటి పాత చీరలు ఐదు. అందులో మూడు శిల్పవే. "తల్లి చీర అయితెనే పిల్లకు మంచిగ నిద్రపడ్తది" అని శరణమ్మ ఏరి తీసుకుంది. ఈ ఇంట్లో బొంత కుట్టేది అంచునుంచి నడుమకు. ఇద్దరు ఎదురెదురు మూలల్లో కూర్చుని, ఒకరి వెనక ఒకరు తిరుగుతున్నట్టు చుట్టూ కుట్టుకుంటూ లోపలికి వస్తారు. మొదటిరోజు గదికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ఇప్పుడు మోకాళ్లు తగిలేంత దగ్గరికి వచ్చారు.

గుమ్మం దగ్గర పక్కింటి గౌహర్ బేగం గోడకు ఆనుకుని కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఆమెకు శరణమ్మతో ముప్పయ్యేళ్ల స్నేహం. సహస్ర సూదుల్లో దారం ఎక్కించి వరసగా దిండుకు గుచ్చుతోంది. నాయనమ్మకు కళ్లు ఆనవు. ఆ పని ఏడేళ్ల పిల్లదే. నాలుగేళ్ల రితేష్ అప్పుడే కుట్టిన వరసల మీద కూర్చుని ప్లాస్టిక్ ట్రాక్టర్ తోలుతున్నాడు.

"అరె, దున్నుడు బంద్ చెయ్యిరా. కుట్లు లేస్తున్నయి," అన్నది శరణమ్మ.

"విత్తనాలు ఎయ్యాలె," అన్నాడు వాడు.

"మీ నాయిన కంపెనీల ట్రాక్టర్లు చేసుడే గని ఒక్కనాడన్న దున్నిండా? నువ్వు దున్నుతవ్."

గౌహర్ బేగం నవ్వింది. "పోనీ శరణమ్మా, పోరగాడికన్న తెలుస్తున్నది ట్రాక్టర్ ఎందుకుంటదో."

శిల్ప కూడా నవ్వబోయింది. నవ్వు రావడానికి కూడా ఒక బలం కావాలి కాబోలు, రాలేదు. సూది దింపింది, లాగింది. దింపింది, లాగింది. మధ్యలో ఎక్కడో కళ్లు మూతపడి, వేలికి గుచ్చుకుని తెరుచుకున్నాయి. నెత్తురు బొంతకు అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది.

రెండు వరసలూ అయ్యాయి. నడుమ ముడి వేసి శరణమ్మ దారం పంటితో కొరికింది. ఇక మిగిలింది నాలుగో మూల. మిగతా మూడు మూలలూ ముందే కుట్టేసి, నాలుగోది బెత్తెడు వదిలిపెడతారు. బొంత అంతా అయ్యాక, ముడతలు సరిచూసుకుని చివరికి అది మూస్తారు. శిల్ప పెళ్లయి వచ్చిన తొమ్మిదేళ్లలో అత్తతో కలిసి నాలుగు బొంతలు కుట్టింది. నాలుగింటికీ ఆ మూల తనే మూసింది. అలవాటుగా సూది పట్టుకుని జరిగింది.

"జర ఆగు," అన్నది శరణమ్మ. "సహస్రా, పోయి డబ్బాలకెల్లి గుప్పెడు జొన్నలు పట్టుకరా బిడ్డా. తెల్లవి."

జొన్నలు ఎందుకో శిల్పకు అర్థం కాలేదు. సహస్ర రెండు చేతుల్లో పట్టుకొచ్చింది. శరణమ్మ వాటిని అరచేతిలో వేసుకుని, ఊది, పొట్టు తీసి, తెరిచి ఉన్న మూలలో మెల్లగా పోసింది. పొరల మధ్యకు జారిపోయాయి.

వక్కలు కత్తిరించే చప్పుడు ఆగింది.

"గిది ఎవరింటికి పోతున్నది శరణమ్మా?" అన్నది గౌహర్ బేగం. "శిల్ప రాకముందు మా బిడ్డ మెహ్రీన్ పెండ్లికి బొంత కుట్టిచ్చినప్పుడు గిట్లనే పోసినవు. ఇల్లు దాటే బొంత ఖాళీ కడుపుతోని పోవద్దంటివి. ఇంట్ల ఉండేదానికి పొయ్యవు గద నువ్వు."

శరణమ్మ తలెత్తలేదు. మూల మీద వేళ్లతో సర్దుతూ ఉండిపోయింది. గౌహర్ బేగం ఒకసారి శరణమ్మను, ఒకసారి శిల్పను చూసింది. ఆమె పెద్దమనిషి. వక్కల పళ్లెం ఎత్తుకుని లేచింది.

"మా ఇంట్ల పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిన. అరె రితేష్, నడువు, మా ఇంట్ల బిస్కెట్ ఉన్నది."

వాడు ట్రాక్టర్ చంకన పెట్టుకుని ఆమె వెనక పోయాడు. సహస్ర మాత్రం కదల్లేదు.

"అత్తమ్మా, ఎవరింటికి పోతున్నది?" అన్నది శిల్ప.

"తెల్వనట్టు అడుగుతవేంది శిల్పా."

"నాకు నిజంగ తెల్వదు."

శరణమ్మ తలెత్తి కోడలి ముఖం చూసింది. వెతుకుతున్నట్టు చూసింది. "సహస్రా, లోపలికి పోయి చెల్లె లేచిందేమో చూడు పో," అన్నది. పిల్ల లేచి వెళ్లేదాకా ఆగింది. గొంతు తగ్గించింది.

"మహానంద ఇంటికి. చిట్టితోని."

శిల్పకు మాటలు చెవిన పడ్డాయి గానీ లోపలికి పోవడానికి కొంచెంసేపు పట్టింది.

"చిట్టితోని అంటే?"

"నువ్వే ఇచ్చినవు గద బిడ్డా. ఒళ్ల పెట్టి ఇచ్చినవు. నేను ఆడనే ఉన్న."

అప్పుడు గుర్తొచ్చింది. జ్వరాల మూడో రోజు. రితేష్‌కు వాంతులు, సహస్రకు ఒళ్లు కాలిపోతోంది, చిట్టి రెండు రాత్రులుగా దించితే ఏడుస్తోంది. దవాఖానలో రెండు గంటలు నిలబడి, ఆటోలో ముగ్గురినీ వేసుకుని వచ్చి, గడప దాటగానే ఎదురుగా కూర్చున్న మహానంద ఒడిలో చిట్టిని పెట్టింది. "నాతోని అయితలేదు వదినా. గీ పిల్లను నువ్వే సాదుకో" అన్నది. అని, అక్కడే చాప మీద పడి నాలుగు గంటలు నిద్రపోయింది. లేచేసరికి మహానంద అదే చోట, అట్లే కూర్చుని ఉంది. ఒడిలో చిట్టి నిద్రపోతోంది. కాళ్లు తిమ్మిరెక్కలేదా వదినా అని అడిగితే, లేదన్నట్టు తలూపింది. అప్పుడు ఆమె కళ్లు ఎందుకు తడిగా ఉన్నాయో శిల్ప ఆలోచించలేదు.

"అది మాటకు అన్న అత్తమ్మా. అలిసిపోయి అన్న. ఎవ్వరన్న అంటరు గట్ల."

"అందరు అంటరు. ఒళ్ల పెట్టి అనరు." శరణమ్మ గొంతులో కోపం లేదు. "మా ఇండ్లల్ల పిల్లను అడుక్కోవద్దు శిల్పా. అడిగి తెచ్చుకున్న పిల్ల నిలువదంటరు. తల్లి తనంతల తాను తెచ్చి ఒళ్ల పెట్టి, సాదుకో అనాలె. పిల్లలు కాకున్నా పదహారేండ్లు నా బిడ్డ ఎవ్వరిని అడగలేదు. హైద్రాబాద్ దవాఖానల చుట్టు తిరిగింది గని ఎవ్వరి పిల్ల దిక్కు చెయ్యి చాపలేదు. నువ్వు నీ అంతల నువ్వు పెట్టినవు. నీకు తెలిసే పెట్టినవనుకున్నం."

"నాకెవరు చెప్పిన్రు గిదంత?"

"తొమ్మిదేండ్లాయె వచ్చి. తెల్సనుకున్న."

"మరి గిన్ని రోజులు నాతోనే కుట్టిస్తిరి."

"తల్లి చెయ్యి పడాలె. గంత దూరం పోతున్న పిల్లకు తల్లి కుట్టు ఒక్కటన్న ఉండాలె." శరణమ్మ బొంత మీద అరచెయ్యి పెట్టింది. "నువ్వు ఏడుస్తవేమో, కొట్లాడ్తవేమో అని రోజు చూసిన. ఒక్కమాట అనకుంట కుట్టినవు. గట్టి పిల్లవని మహానందకు ఫోన్ల చెప్పిన గూడ. గంత కష్టం కడుపుల పెట్టుకొని కుడుతున్నదే అని."

శిల్ప తను కుట్టిన వరసల వైపు చూసింది. తనవి పొడుగు కుట్లు, అత్తవి పొట్టివి. పద్దెనిమిది రోజులు తన పిల్లను సాగనంపే బొంతను, కునికిపాట్లు పడుతూ, ఇది ఎప్పుడైపోతుందా, ఎప్పుడు నడుం వాలుస్తానా అనుకుంటూ కుట్టింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండిటికీ ఓపిక కావాలి.

"నేను ఇయ్య," అన్నది.

"మెల్లగ ఆలోచించు."

"ఆలోచించుడు ఏమున్నది. నా పిల్ల."

"నన్ను గూడ ఇచ్చిన్రు," అన్నది శరణమ్మ.

శిల్ప తల తిప్పింది. అత్త తన గురించి మాట్లాడటం ఆమె వినడం తక్కువ.

"మాది హుమ్నాబాద్ దిక్కు. ఏడుగురం ఆడపిల్లలం. నేను ఐదోదాన్ని. మూడేండ్లప్పుడు మా చిన్నమ్మ ఒళ్ల పెట్టింది మా అమ్మ. తిండికి బట్టకు లోటు లేకుంట పెరిగిన. నాకేం తక్కువ కాలే."

"ఏడ్వలేదా?"

"యాదికి లేదు." నేల మీది దారప్పోగు ఒకటి ఏరింది. "బొంత యాదికున్నది. దాన్ల మా అమ్మది ఎర్రంచు చీర ఉండె. పైపొర చినిగినంక గది బయటపడ్డది. మా చిన్నమ్మ కొత్తది కుట్టిస్తనన్నా ఒప్పుకోలే. మొత్తం పీలికలయ్యేదాక దాని మీదనే పండుకున్న."

ఆ మాట అన్నాక ఆమె చేతులకు పని లేనట్టయింది. మూలకు పోసిన జొన్నలను పైనుంచి తడుముతూ కూర్చుంది.

మూడు గంటలకు బస్వరాజ్ వచ్చాడు. యూనిఫాం చొక్కా విప్పకుండానే నల్లా దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. శిల్ప తువ్వాలు ఇవ్వలేదు. ఎదురుగా నిలబడింది.

"చిట్టి సంగతి నీకు తెలుసా?"

అతను నీళ్లు కారుతున్న ముఖంతో ఆగాడు. తెలుసని ఆ ఆగడంలోనే ఆమెకు అర్థమైంది.

"అమ్మ చెప్పింది. నువ్వే అన్నవని."

"నన్నొక్కమాట అడగలే?"

"ఏమని అడగాలె శిల్పా." ముఖం భుజానికి తుడుచుకున్నాడు. "ఒక వారం పొద్దటి షిఫ్ట్, ఒక వారం రాత్రి షిఫ్ట్. ఇంట్ల ఉన్నప్పుడు పండుకునే ఉంట. నువ్వు రోజు గిట్ల అయిపోతుంటే చూస్తున్న. నువ్వు నోరిడిచి అయితలేదన్నవంటే, నిజంగనే అయితలేదనుకున్న. వద్దని చెప్పే మొఖం నాకున్నదా?"

"నీకు మంచిగనే అనిపించిందా?"

"లేదు," అన్నాడు. "రెండు రోజులు బువ్వ పోలేదు. నువ్వు చూడలే."

నిజమే. ఆమె చూడలేదు. ఈ ఇంట్లో ఎవరు తిన్నారో ఎవరు తినలేదో చూసే మనిషి తనే. తనే చూడకపోతే ఇంకెవరూ చూడరు. ఆమె మీద ఆమెకే కోపం వచ్చింది. అది కూడా ఎక్కువసేపు నిలవలేదు.

చెప్పకూడనిది ఇంకొకటి ఉంది. అత్త ఆ మాట చెప్పిన క్షణంలోనే, రాత్రంతా ఎవరూ లేపకుండా నిద్రపోవడం ఎట్లా ఉంటుందో శిల్పకు కళ్లముందు మెదిలింది. తెల్లటి దుప్పటి, చప్పుడు లేని గది. ఎంతసేపు మెదిలిందో ఆమెకు తెలియదు. మెదిలింది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పదు.

"వదిన ఎప్పుడు వస్త అన్నది?"

"రేపు పొద్దుగాల. బావ గూడ వస్తడంట."

"ఫోన్ ఇయ్యి."

ఆమె పెరట్లోకి వెళ్లి, ఆరేసిన బట్టల మధ్య నిలబడింది. ఏం చెప్పాలో రెండుసార్లు మనసులో అనుకుంది. కోపంగా కాదు. మెత్తగా, కానీ తిరుగులేకుండా. వదినా, తప్పు నాదే, నాకు తెల్వక పెట్టిన, చిట్టిని ఇయ్య. అంతే. నంబరు నొక్కింది. హైవే మీద చెరకు లారీ ఏదో హారన్ కొడుతూ పోయింది. అది పోయేదాకా ఆగాల్సి వచ్చింది.

"తమ్ముడా?" అన్నది అవతలినుంచి మహానంద.

"నేను వదినా. శిల్పను."

"చెప్పు శిల్పా."

"వదినా, ఆ రోజు నేను జ్వరాలల్ల అలిసిపోయి చిట్టిని నీ ఒళ్ల పెట్టిన. దానికి గంత అర్థం ఉన్నదని నాకు తెల్వదు. ఇయ్యాలనే తెలిసింది. నేను..." ఇంటి వైపు ఒకసారి చూసింది. "నేను చిట్టిని ఇయ్యలేను వదినా. నన్ను తిట్టు, ఏమన్న అను."

అవతల కోడిపుంజు ఒకటి కూసింది. ఎవరో బిందె దించారు.

"తిట్ట," అన్నది మహానంద చివరికి. "నాకు బుధవారమే తెలుసు, నీకు ఇష్టం లేదని."

"ఎట్ల? అప్పటికి నాకే తెల్వదు."

"సహస్ర ఫోన్ చేసింది."

శిల్ప తాడు మీది తడి చొక్కాను పట్టుకుంది.

"అమ్మ స్నానానికి పోయినప్పుడు అమ్మ ఫోన్లకెల్లి చేసింది. నేను అమ్మతోని ఫోన్ల మాట్లాడేటివి అన్ని విన్నట్టున్నది. 'అత్తా, చెల్లెను తీసుకపోకు, అది పాలు తాగుతది, మమ్మీ లేకుంటె పండుకోదు. నన్ను తీసుకపో. నేను పెద్దగైన, నా పనులు నేనే చేసుకుంట. ఒక్కరన్న తక్కువైతే మమ్మీకి జర పని తగ్గుతది' అన్నది. పెద్దమనిషి మాట్లాడినట్టె మాట్లాడింది శిల్పా. నువ్వే చెప్పించినవనుకున్న. నా మొఖం మీద చెప్పలేక, పిల్లతోని చెప్పించినవేమో అనుకున్న."

"నేను చెప్పలే వదినా."

"ఇప్పుడు తెలుస్తున్నది. గని నేను సరే అన్న. ఆ పిల్ల అడిగిన తీరుకు కాదనబుద్ధి కాలే. తీసుకపోతనని, అప్పటిదాక అమ్మకు గూడ చెప్పొద్దని మాట తీసుకుంది నా తాన. అప్పటిసంది మీ బావ వీళ్లను వాళ్లను అడిగి, మా ఊరి బడిల మూడో తరగతికి సీటు ఉన్నదని గూడ చూసి వచ్చిండు. చిన్నదాన్ని ఇయ్యనంటే నాకు కోపం లేదు. పెద్దదానికి ఏం చెప్పాలె? రేపు నేను వచ్చి తీసుకపోనని చెప్పాల్నా, రాకుంటనే మాట తప్పాల్నా? నువ్వే చెప్పు."

శిల్ప ఏం చెప్పిందో ఆమెకే గుర్తులేదు. మళ్ల చేస్త అన్నదేమో. ఫోన్ చేతిలో పట్టుకునే లోపలికి వచ్చింది.

సహస్ర వెనక గదిలో నేల మీద కూర్చుని ఉంది. బడి సంచిలోని పుస్తకాలు అన్నీ తీసి, అల్మారీ కింది అరలో రితేష్‌కు అందేలా పేర్చింది. సంచిలో రెండు గౌన్లు, ఒక లంగా, పళ్ల బ్రష్షు, చలి స్వెట్టరు. మడతలు పెద్దవాళ్లు పెట్టినట్టు సరిగ్గా ఉన్నాయి. పక్కనే చాప మీద చిట్టి మేల్కొని, అక్క చున్నీ అంచు నోట్లో పెట్టుకుని ఆడుకుంటోంది. ఏడవకుండా ఎంతసేపటినుంచి ఆడుకుంటోందో, సహస్ర దాన్ని ఎట్లా ఊరుకోబెట్టిందో శిల్పకు తెలియదు.

ఆమె గడప మీదే నిలబడిపోయింది. దగ్గరికి తీసుకోవాలని ఉంది. ముందు అరుస్తానేమోనని తన గొంతు మీద తనకే నమ్మకం లేదు.

సహస్ర తల ఎత్తింది. ఏడవలేదు. భయపడలేదు. లెక్కలు సరిచూసుకునే పిల్లలా సంచిలోకి ఒకసారి చూసి, తల్లి వైపు తిరిగింది.

"మమ్మీ, నిన్న మా టీచర్‌ను అడిగిన. వేరే బడికి పోవాలంటే టీసీ కావాలంట. దానికి ఇంట్లోళ్ల సంతకం ఉండాలంట." జేబులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసింది. "టీచర్ గీ కాగితం ఇచ్చింది. సంతకం నువ్వు పెడ్తవా, నాయినతోని పెట్టించుకోవాల్నా?"